నూరుకు రాని నీళ్ళు

మొన్న మా మనుమరాలు పొయ్యి మీద గిన్నె పెట్టి, నాలుగు కటోరాల్లో నాలుగు రకాల ఉప్పులు పోసుకుని కూర్చుంది. బళ్ళో ప్రాజెక్టు ఇచ్చారట. ఏ ఉప్పు వేస్తే నీళ్ళు ఎంత వేడి దగ్గర మరుగుతాయో కొలిచి రాయాలట. వంటింట్లోకి ఎవరూ రావద్దని దాని హుకుం. నేను గడప మీద కూర్చున్నాను. గడప వంటిల్లు కాదు కదా.

దాని చేతిలో కొత్త రకం మీటరు ఉంది. సన్నటి ఇనుప పుల్ల, పైన చిన్న అద్దం, అందులో అంకెలు వాటంతట అవే మారుతుంటాయి. ముందు ఉప్పు వేయకుండా వట్టి నీళ్ళు మరిగించింది. గిన్నె గుడగుడలాడుతోంది. అంకెలు తొంభై ఎనిమిది దాటి ఇంకో అర దగ్గర ఆగాయి. ఎంత మంట పెంచినా కదల్లేదు.

"నానీ, గిది కరాబయింది" అంది. "నూరు రావాలె. బుక్కుల నూరే ఉన్నది."

పెన్సిలు తీసి నోటుబుక్కులో నూరు వేయబోయింది.

"ఆగు" అన్నాను.

గొంతు పెద్దగానే వచ్చినట్టుంది. ముందు గదిలోంచి నా బిడ్డ తొంగి చూసింది. ఆ అంకెతో నాకు పాత లెక్క ఉంది.

మాది బట్టలకు రంగులద్దే ఇల్లు. రంగ్రేజుల ఇల్లు ఎక్కడంటే మెదక్‌లో ఎవరైనా చూపించేవారు. ఖిల్లా కింద గల్లీలో చివరిది. చివరిదే ఎందుకంటే మా మోరీలో ఏ రోజు ఏ రంగు పారుతుందో తెలియదు, మా దిగువన ఇంకో ఇల్లు ఉంటే రోజూ కొట్లాటే. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునేవాళ్ళం, గిరాకీలతో తెలుగు. ఇక్కడ అందరి మాటా తెలుగులోనే రాస్తున్నాను. నాకు రాత వచ్చింది అందులోనే.

వాకిట్లో మూడు పొయ్యిలు, వాటి మీద మూడు రాగి గంగాళాలు. ఒకటి ఎరుపుకు, ఒకటి పసుపుకు, ఒకటి నలుపుకు. నల్ల గంగాళం మురిగిన గుడ్డు వాసన వేసేది. మా అమ్మీ కాల్చిన జొన్న రొట్టెకు కూడా ఆ వాసన పట్టేది. మేము అలాగే తినేవాళ్ళం. ఇప్పటికీ బాగా ఆకలేస్తే నా ముక్కుకు ముందు ఆ వాసనే తగులుతుంది.

గుడ్డ ముంచి తీయడం మా నాన్న పని, అబ్బా అనేవాళ్ళం. మంటా, ఉప్పులూ ఆయన తల్లి, మా దాదీ పని. దాదీ చేతులు మోచేతుల దాకా నల్లగా ఉండేవి. ఆమె పోయినప్పుడు ఆఖరి స్నానం చేయించిన ఆడవాళ్ళు ఆ చేతులను తోమి తోమి విసిగి వదిలేశారు. గోడకు ఒక బల్ల, దాని మీద జాడీలు. ఎరుపుకు రాళ్ళ ఉప్పు. నలుపుకు చాకలి సోడా. పసుపుకు పటిక. నాలుగో డబ్బాలో నవాసారం, అది మాది కాదు. గిన్నెలకు కళాయి వేసే మామూ ఒకాయన మా వాకిట్లోనే కొలిమి పెట్టుకునేవాడు, ఆయనది. నేను రోజుకో పలుకు దొంగిలించి నాలుక మీద పెట్టుకునేదాన్ని. ముందు చల్లగా ఉండేది, తర్వాత కొరికేది. దొరికిపోతే దాదీ చెంప మీద ఒకటి వేసేది. అదీ కొరికేది.

ఉప్పుతో నాకు ఇంకో దొంగతనం కూడా తెలుసు. నల్ల గంగాళం కింద మంట వేయడం నా వంతు. నీళ్ళు బాగా మసిలేదాకా పొగలో కూర్చోవాలి. ఎప్పుడు లేవాలా అని చూసేదాన్ని. నీళ్ళు మసలడానికి ఇంకా కొంచెం ఉందనగా దోసెడు ఉప్పు గుమ్మరిస్తే గంగాళం ఒక్కసారి బుస్సున లేచి నురగ కక్కుతుంది. చూసేవాళ్ళకు తెగ మరిగినట్టే ఉంటుంది. "దాదీ, మసిలినయి!" అని అరిచి లేచిపోయేదాన్ని. రెండుసార్లు సాగింది. రెండుసార్లూ నల్ల బట్టలు బూడిద రంగు తేలాయి. మూడోసారి దాదీ నా జడ పట్టుకుని గంగాళం ముందుకు లాక్కొచ్చింది.

"ఇగ చూడవే పోరీ. గది ఉడుకు గాదు, ఉలుకు. ఉప్పు పడంగనే నీళ్ళు ఉలిక్కిపడ్తయి. జర సేపట్ల సల్లవడ్తయి. మల్ల ఉడుకు ఎక్కాలంటే ఇంకింత మంట గావాలె. ఉలుకు చూసి గుడ్డ ముంచినోడు రంగ్రేజ్ గాదు, బేవకూఫ్."

ఏడుపాయల జాతరకు నెల రోజుల ముందు నుంచి మాకు తిండికి తీరిక ఉండేది కాదు. శంకరంపేట నుంచి, కుల్చారం నుంచి రైతులు రుమాళ్ళు, చీరెలు మూటగట్టుకుని వచ్చి వాకిట్లో కూర్చునేవారు. "జాతరకు కొత్త బట్ట లేకున్నా కొత్త రంగన్న ఉండాలె గదా" అనేవారు. అలాంటి రోజుల్లోనే టీచరమ్మ మా ఇంటికి మొదటిసారి వచ్చింది, వెలిసిన చీర ఒకటి చంకన పెట్టుకుని.

మా రాష్ట్రమూ వాళ్ళ రాష్ట్రమూ కలిసి ఒకటైన కొత్తలు అవి. ఆమెది సముద్రం ఒడ్డు ఊరు. ఇక్కడి ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పడానికి వచ్చింది. ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. మాటకొకసారి 'అండీ' అనేది. దాదీని 'మామ్మగారూ' అని పిలిచింది. దాదీ పాన్ ఉమ్మేసి మరీ నవ్వింది.

"గీ పిల్ల మాట్లాడ్తుంటే సినిమా చూసినట్టే ఉన్నది" అంది నాతో.

టీచరమ్మ నా వైపు చూసి, "అమ్మాయిని బడికి పంపరా అండీ?" అని అబ్బాను అడిగింది.

అబ్బా తడి చీర పిండుతూనే జవాబిచ్చాడు. "ఎవల మీద భరోసాతోని పంపాలె టీచరమ్మా? పోయినేడు ఒకామె వచ్చింది, ఇన్‌స్పెక్షన్ అయిన వారానికే ఎళ్ళగొట్టిండ్రు. మీరు మంచిగ కనవడ్తున్నరు. మీరు పర్మనెంటు కాండ్రి. పంపుత."

"మాట తప్పకూడదండీ."

"రంగు వెలుస్తదేమో గని నా మాట వెలవదు."

నాకు చదువు మీద ప్రేమ ఏమీ లేదు. అబద్ధం ఎందుకు. నాకు కావలసింది నల్ల గంగాళం నుంచి తప్పించుకోవడం. బడి అంటే నీడ పట్టు, వాసన లేని చోటు, అంతే. ఆమె ఉంటే నేను బడికి పోతాను, ఆమె పోతే పొగలోనే ఉంటాను. ఇంత లెక్క నాకు రాత రాకుండానే వచ్చింది.

పది రోజుల తర్వాత ఆమె మళ్ళీ వచ్చింది. చీర కోసం కాదు. కొంగులో చుట్టిన గాజు పుల్ల ఒకటి తీసింది. లోపల వెండి తీగలా ఏదో మెరుస్తోంది. పుల్ల పొడవునా గీతలు.

"మామ్మగారూ, మీ దగ్గర పెద్ద మంట ఉంటుంది కదండీ. ఒక గిన్నెడు మంచినీళ్ళు బాగా మరిగించి పెడతారా?"

"చాయ్‌కా?"

"కాదండీ. నీళ్ళల్లో ఈ థర్మామీటరు పెట్టి చూడాలి."

దాదీ ఆ పుల్లను అటూ ఇటూ తిప్పి చూసింది. "గిది దవాఖానల నోట్లె వెట్టేటిది గదా. నీళ్ళకు జొరమొచ్చిందా టీచరమ్మా?"

సంగతి మెల్లగా బయటికి వచ్చింది. నాలుగు రోజుల్లో ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు. ఆయన ముందు ఆమె నీళ్ళు మరిగే పాఠం చెప్పి చూపించాలి. నీళ్ళు నూరు డిగ్రీల దగ్గర మరుగుతాయని పుస్తకంలో ఉంది. ఆమె ట్రైనింగులో ఇదే పుల్లతో, వాళ్ళ ఊళ్ళో, తన చేత్తో నూరు చూపించింది. ఇక్కడ బడిలో స్పిరిటు పొయ్యి మీద ఎన్నిసార్లు మరిగించినా నూరు రాలేదు. పొయ్యి చాలలేదేమోనని మా మంట కోసం వచ్చింది.

మా మంట మీద నీళ్ళు ఎగిరెగిరి పడ్డాయి. వెండి తీగ పాకి పాకి ఒక చోట ఆగింది. నూరు అనే పెద్ద గీతకు కింద ఒకటిన్నర చిన్న గీత. దాదీ ఇంకో రెండు కట్టెలు దోపింది. గిన్నెలో నీళ్ళు సగమయ్యాయి. తీగ కదల్లేదు.

టీచరమ్మ బట్టలు ఉతికే బండ మీద కూలబడింది.

"బస్సులో దెబ్బ తిన్నట్టుందండీ. ఇంకోటి హైదరాబాదు నుంచి రావాలి. నాలుగు రోజుల్లో రాదు. పుస్తకంలో నూరు ఉంటే నా నీళ్ళు తొంభై ఎనిమిదిన్నర అంటే పాఠం రాని టీచరంటారు. వెనక్కి వెళ్తే ఇంట్లోవాళ్ళు ఇక నన్ను గడప దాటనివ్వరు మామ్మగారూ."

దాదీ కాసేపు పాన్ నమిలింది. తర్వాత అడిగింది, "మీ ఊరు దరియా పక్కకు కదా?"

"అవునండీ, సముద్రం కనపడుతుంది మా మేడ మీదికి."

"ఇగ గదే. మీ ఊరి నీళ్ళల్ల ఉప్పుంటది. మావి తియ్యటి నీళ్ళు. ఉప్పున్న నీళ్ళకు ఉడుకు జాస్తి. నల్ల గంగాళంల వేలు పెట్టు, వట్టి నీళ్ళల్ల వేలు పెట్టు, ఏది జాస్తి కాలుతదో నా వేలుకు ఎరికే. మీ పుల్ల కరాబు గాలే బిడ్డా. మా నీళ్ళు చప్పగున్నయి. జర ఉప్పెయ్యి."

"మా బావి నీళ్ళు కూడా తియ్యగానే ఉంటాయండీ" అంది టీచరమ్మ నీరసంగా. కానీ లేచింది.

దాదీ కొత్తగా ఒక గిన్నెడు నీళ్ళు మరగనిచ్చి, తూచిన రాళ్ళ ఉప్పు ఒక్కసారే అందులో వేసింది. గిన్నె బుస్సుమంది. టీచరమ్మ ఆశగా వంగి చూసి, "అయ్యో, పెరగలేదు, ఇంకా తగ్గిపోయిందండీ!" అంది. నాకు నవ్వు ఆగలేదు.

"గది ఉడుకు గాదు, ఉలుకు" అన్నాను. పెద్దవాళ్ళకు నేను చెప్పిన మొదటి పాఠం అదే.

"జర ఓపిక వట్టుండ్రి" అంది దాదీ.

నీళ్ళు కాసేపు ఊరుకున్నాయి. మళ్ళీ మసలడం మొదలైంది. ఈసారి తీగ పాత గీత దగ్గర ఆగలేదు. ఒక చిన్న గీత దాటింది, ఇంకో సగం దాటింది, పెద్ద గీతను ముట్టుకుని వెంట్రుకవాసి పైకి పోయి నిలబడింది.

టీచరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. ఆ తర్వాత ఆమె భయం మరిచిపోయింది. జాడీల బల్ల దగ్గరికి పోయి, "ఇదేమిటండీ? ఇది వేస్తే?" అంటూ చిన్నపిల్లలా అడిగింది. అదే గిన్నె, అన్నే నీళ్ళు, అదే తూకం, ఒక్కో ఉప్పు వేసి చూశాం. చాకలి సోడా అర గీత మాత్రమే లేపింది, నీళ్ళు జిగటగా జారాయి. పటిక అంతకన్నా తక్కువ, ఉన్నట్టా లేనట్టా. కళాయి మామూ నవాసారం మాత్రం రాళ్ళ ఉప్పును కూడా మించింది, కానీ వాసనకు కళ్ళు మండి అందరం కొంగులు అడ్డం పెట్టుకున్నాం. ఆయన అవతలి నుంచి, "నా నౌసాదర్‌ను చారు కాచిండ్రు, ఇంక గిన్నెలకు మీ పటిక పూస్త" అని సణిగాడు.

గీతలు లెక్కపెట్టింది నేను. నాకు అంకెలు రావు, కానీ గీతలు గీతలే కదా. టీచరమ్మ రాసుకుంది. మధ్యలో ఒక బొగ్గు ముక్క తీసి నా చేతికిచ్చి, నా చేయి పట్టుకుని బండ మీద నూరు వేయించింది. నా జన్మలో నేను రాసిన మొదటిది అదే. 100.

దాదీ తొంగి చూసింది. "ఒక కట్టె, రెండు గాజులు. గింతేనా నూరంటే?"

అబ్బా తీగ మీద చీర ఆరేస్తూ అంతా వింటున్నాడు. "టీచరమ్మా, ఉప్పేసినమని ఆ ఇన్‌స్పెక్టర్‌కు చెప్తరా?"

ఆమె రాసుకుంటున్న చేయి ఆగింది. "చెప్పనండీ."

అబ్బా మళ్ళీ చీర వైపు తిరిగాడు. దాదీయే అంది, "పోనియ్యి రా. మన ఉప్పు తిన్న నీళ్ళు, మన మాట వింటయి."

ఇన్‌స్పెక్షన్ రోజు చర్చి గంట తొమ్మిది కొట్టకముందే నేను బడి గేటు దాటాను. స్పిరిటు పొయ్యికి ఉప్పు నీళ్ళను మరిగించే సత్తువ లేదని టీచరమ్మ మా బొగ్గుల కుంపటి అడిగింది. కుంపటి ఉన్న చోట మంట చూసేవాళ్ళు ఉండాలి కదా, నేను. రాళ్ళ ఉప్పును ముందే నీళ్ళలో కరిగించి, మట్టి పోయేలా రెండుసార్లు మల్‌మల్ గుడ్డలో వడగట్టాం. చూస్తే అద్దంలా ఉన్నాయి. నాకు దాదీ నూనె రాసి, తోమి, ఉతికిన కుర్తా తొడిగి పంపింది. చేతుల నలుపు మాత్రం పోలేదు.

లోపల నిజంగానే నీడ. సున్నం వాసన, సుద్ద వాసన. ఒక సుద్ద ముక్క కొరికి చూశాను. రుచి లేదు. ముప్పై మంది పిల్లలు రెండు జడలతో నన్నే చూస్తున్నారు. వెనక వరసలో ఒక చోటు ఖాళీగా ఉంది. వచ్చే వారం అక్కడ కూర్చోవచ్చని లెక్క వేసుకున్నాను.

ఇన్‌స్పెక్టర్ ఆలస్యంగా వచ్చాడు. వచ్చి హాజరు పుస్తకాలు చూశాడు, బడిని నడిపే పెద్ద టీచరమ్మతో మాట్లాడాడు, కిటికీలు లెక్కపెట్టాడు. ఈ లోపల కుంపటి మీద నీళ్ళు మరుగుతూనే ఉన్నాయి. నేను గాజు పుల్ల వైపు చూస్తే తీగ నూరు దాటి ఇంకో గీత పైకి ఎక్కింది. మరిగితే నీళ్ళు పోతాయి, ఉప్పు పోదు. నీళ్ళు తగ్గినకొద్దీ ఉప్పు చిక్కనై ఉడుకు పెరుగుతుంది. ఇది మా ఇంట్లో చిన్నపిల్లలకు తెలుసు. టీచరమ్మకు అది గుర్తుకు రాలేదు, ఆమె చూపంతా ఇన్‌స్పెక్టర్ మీద ఉంది. నేనే పక్కనున్న కూజాలోంచి గ్లాసుడు వట్టి నీళ్ళు తీసి గిన్నెలో పోశాను. తీగ దిగింది. మంట ఊదాను. ఆయన కుర్చీలో కూర్చునేసరికి నీళ్ళు మళ్ళీ మసిలాయి, తీగ పెద్ద గీత మీద నిలబడింది.

పాఠం బాగా చెప్పిందామె. ఒక పిల్లను పిలిచి చదవమంటే, "వంద సార్!" అని పిల్ల అరిచింది. ఇన్‌స్పెక్టర్ లేచి వచ్చి కళ్ళద్దాలు సర్దుకుని స్వయంగా చూశాడు.

"సరిగ్గా నూరు. శభాష్. చాలా బళ్ళలో నోటితో చెప్తారు గానీ చేసి చూపించరమ్మా" అన్నాడు. పెద్ద టీచరమ్మ ముఖం వెలిగింది. టీచరమ్మ ముఖంలోకి రక్తం వచ్చింది.

అక్కడితో అయిపోయి ఉంటే ఈ కథ నేను మరిచిపోయేదాన్ని.

ఆయన సంచిలోంచి ఒక మరచెంబు తీశాడు. ఇత్తడిది, తళతళలాడుతోంది. "ఊళ్ళు తిరిగే ఉద్యోగం కదా, నేను మరిగించిన నీళ్ళే తాగుతాను. మీ పాఠం నాకు పనికొచ్చింది. ఆ నీళ్ళు ఇందులో పోయించండి, చల్లారాక తాగుతాను."

టీచరమ్మ కదల్లేదు. పెద్ద టీచరమ్మ, "పొయ్యమ్మా, చూస్తున్నవేంది?" అంది. టీచరమ్మ గుడ్డతో గిన్నె పట్టుకుని మరచెంబులోకి వంచింది. సగం కింద పోయింది. ఆయన చెంబు అందుకుని, ఊదుకుంటూ బల్ల మీద పెట్టుకుని సంతకాలు మొదలుపెట్టాడు. ఒక్క గుక్క చాలు. ఆమె మూట కట్టుకోవాలి. నేను గంగాళం దగ్గరికి పోవాలి.

ఆలోచించి చేశానని చెప్పను. చేతికి తోచింది, చేసింది. బల్ల దగ్గరికి పోయి మరచెంబులో నా వేలు ముంచాను. కాలింది. అయినా తీయలేదు, ఇంకో రెండు వేళ్ళు కూడా పెట్టాను.

"ఏమే, ఏమే!" అంది పెద్ద టీచరమ్మ.

"సల్లవడ్డయా లేదా చూస్తున్న. మా ఇంట్ల గిట్లనే చూస్తం" అన్నాను.

నా వేళ్ళ సందుల్లో నిలిచిన రంగు ఆ వేడికి కరిగి దారంలా నీళ్ళలోకి జారింది. నల్లటి దారం. ఇన్‌స్పెక్టర్ చెంబులోకి చూశాడు, నా చేతిని చూశాడు, "ఎవరి పిల్ల?" అన్నాడు. ఎవరో చెప్పారు. ఆయన కోప్పడలేదు. రుమాలుతో చేతులు తుడుచుకుని, "చెంబు ఇక్కడే ఉంచండి, పర్వాలేదు" అన్నాడు. ఆ పర్వాలేదులో ఎంత పర్వా ఉందో నాకు పెద్దయ్యాక తెలిసింది.

పెద్ద టీచరమ్మ నా రెక్క పట్టి పక్కకు లాగింది. "గీ పోరిని ఎవలు లోపలికి రానిచ్చిండ్రు? ఇంకొకసారి గేటు లోపల కనవడొద్దు. విన్నవా టీచరూ?"

అందరూ టీచరమ్మ వైపు చూశారు. ఆమె నా వైపు చూసింది. నేను ఎందుకు చేశానో ఆ గదిలో ఆమె ఒక్కదానికే తెలుసు.

"బుద్ధి లేదా నీకు?" అంది. "వెళ్ళు. బయటికి వెళ్ళు."

వెళ్ళాను. గల్లీ దాకా నడిచాక వేళ్ళు మండడం మొదలైంది. దాదీ బొబ్బలకు సున్నపు తేట, కొబ్బరి నూనె కలిపి రాసి అంతా విన్నది.

"నూరు వచ్చిందా?"

"వచ్చింది."

"ఆయన తాగిండా?"

"తాగలే."

"మల్ల ఏడుస్తవెందుకు?"

వారం తర్వాత కుంపటి తిరిగి వచ్చింది. బడి ఆయమ్మ నెత్తిన పెట్టుకుని తెచ్చింది. శుభ్రంగా తోమి ఉంది. "మీ టీచరమ్మ పర్మనెంటు అయింది. స్వీట్లు పంచింది" అని ఆయమ్మ చెప్పి పోయింది. అబ్బా కాసేపు గల్లీ మొగదల వైపు చూశాడు. ఆయన మాట మీద నిలబడి ఉన్నాడు, అడిగేవాళ్ళు రావాలి కదా.

"పొయ్యి వచ్చింది. మనిషి రాలే" అంది దాదీ.

మనిషి తర్వాత కూడా రాలేదు. ఒకసారి బజారులో చూశాను. ఆమె నన్ను ముందే చూసింది కాబోలు, గాజుల దుకాణంలోకి తిరిగింది. ఆమె కట్టుకున్న చీర మేము రంగేసిందే. రంగు వెలవలేదు. ఆమె చెడ్డదని నేను ఇప్పటికీ అనను. నన్ను చూస్తే ఆమెకు నూరు గుర్తుకు వచ్చేది, అంతే. ఐదారేళ్ళు ఆ బడిలోనే పని చేసి, పెళ్ళయి వాళ్ళ వైపు వెళ్ళిపోయిందని విన్నాను. నేను ఆ ఐదారేళ్ళూ నల్ల గంగాళం కింద మంట వేశాను. తర్వాత మిల్లు రంగు బట్టలు వచ్చాయి. గంగాళాలు ఒక్కొక్కటే పోయాయి. ఇప్పుడు ఆ వాకిట్లో మోటారు సైకిళ్ళు బాగుచేస్తారు. మోరీలో ఒక్క రంగే పారుతుంది, నూనె రంగు.

నాకు అక్షరాలు వచ్చేసరికి నా పెద్ద బిడ్డకు పెళ్ళి కుదిరింది. మధ్యాహ్నాలు ఆడవాళ్ళను కూర్చోబెట్టి చెప్పడానికి ఒక పిల్ల వచ్చేది. మొదటి రోజు పలక ఇచ్చి, "అవ్వా, నీకు ఏమన్న రాయొస్తదా?" అంది. నూరు వేసి చూపించాను. "మరి ఒకటి రెండు వస్తయా?" అంటే రావన్నాను. కూర్చున్నవాళ్ళందరూ నవ్వారు. తొంభై ఎనిమిది దాకా రావడానికి నాకు రెండు నెలలు పట్టింది.

సరే, గడప మీద కూర్చున్న దాన్ని అలాగే ఉండలేదు. లేచి వంటింట్లోకి పోయాను. మనుమరాలు వద్దనలేదు.

"నీ బుక్కు ఇటియ్యి" అన్నాను.

ఇచ్చింది. నేను త్వరగా చదవలేను. వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పోతాను. నీళ్ళు నూరు డిగ్రీల దగ్గర మరుగుతాయి అని పెద్ద అక్షరాలతో ఉంది. దాని కింద ఒక పెట్టెలో చిన్న అక్షరాలతో ఇంకో మాట ఉంది. సముద్రం ఒడ్డున నూరు అట. ఊరు సముద్రానికి ఎంత ఎత్తున ఉంటే అంత తక్కువ వేడికే నీళ్ళు మరుగుతాయట. అక్కడ గాలి బరువు తక్కువట.

రెండోసారి చదివాను. మూడోసారి కూడా.

ఆ గాజు పుల్లకు బస్సులో ఏ దెబ్బా తగల్లేదు. దాదీ చెప్పిన కారణం తప్పు, కానీ పుల్ల కరాబు కాలేదన్నది నిజం. అది వాళ్ళ ఊళ్ళో వాళ్ళ ఊరి లెక్క చెప్పింది, మా ఊళ్ళో మా ఊరి లెక్క చెప్పింది. దానితో అబద్ధం చెప్పించింది మేము. ఈ పెట్టెలోని చిన్న అక్షరాల మాట ఆ రోజు ఎవరైనా ఆమెకు చెప్పి ఉంటే బాగుండేది. తొంభై ఎనిమిదిన్నర అని నిలబడి చెప్పేది. ఇన్‌స్పెక్టర్ తన మరచెంబు నింపుకుని తాగేవాడు. వెనక వరసలో ఆ చోటు...

పోనీ. నీళ్ళు పారిపోయాక కట్ట వేసి ఏం లాభం.

"నానీ, ఏం రాయాలె మరి?"

"మీటరు ఏం చెప్పింది?"

"తొంభై ఎనిమిదిన్నర."

"గదే రాయి."

"మార్కులు కట్ అయితయి."

"కట్ కానీ."

అది నా ముఖం చూసి, పెన్సిలు నా చేతికి ఇచ్చింది. "నువ్వే రాయి. టీచరు అడిగితే మా నాని రాసిందని చెప్త."

రాశాను. నా అంకెలు పెద్దగా వస్తాయి, గడి దాటి పోయాయి. తర్వాత అది ఉప్పులు ఒక్కొక్కటే వేసి కొలుచుకుంది. రాళ్ళ ఉప్పు దగ్గర నూరు దాటింది. నేను చూడలేదు, నాకు తెలుసు.

మొదట మరిగించిన వట్టి నీళ్ళు ఒక గ్లాసులో పక్కన ఉన్నాయి. వేలు పెట్టి చూశాను. చల్లబడ్డాయి. నేనే తాగాను.